ఒకే తాను ముక్కలు

మాది బందరు. ఉద్యోగం బెజవాడ. "ఎండలు మాకు లేవా?" అంటారు తెలంగాణ మిత్రులు. ఉన్నాయి, మాకన్నా ఎక్కువే ఉన్నాయి. కానీ అక్కడిది పొడి ఎండ. పట్టిన చెమట పట్టినట్టే ఆరిపోతుంది. ఆరుతూ ఒంట్లో వేడిని కొంత పట్టుకుపోతుంది. మా వైపు సముద్రం గాలి అప్పటికే తడితో నిండి ఉంటుంది. మన చెమటని అది పుచ్చుకోదు. చెమట పడుతూనే ఉంటుంది, ఆరదు, ఒళ్ళు చల్లబడదు. పేపర్లో 38 డిగ్రీలని వేస్తాం గానీ మనిషి మాత్రం ఇడ్లీ పాత్రలో కూచున్నట్టు ఉడికిపోతుంటాడు. దీన్ని తెలుగులో ఉక్కపోత అంటాం. మా ఇంట్లో మాట్లాడే ఉర్దూలో ఉమస్ అంటాం.

ఈ ఉక్కలో ఏం కట్టుకోవాలి, ఏం తొడుక్కోవాలి అన్నది చిన్న విషయంగానే కనిపిస్తుంది. నేను చెప్పేది పెళ్ళిళ్ళ షేర్వానీల గురించి కాదు. ఆఫీసుకీ, బజారుకీ, చుట్టాలిళ్ళకీ, ఇంట్లో మంచం మీద కూచుని పేపరు చదువుకోడానికీ వేసుకునే మామూలు బట్టల గురించే. అయితే ఆ మామూలు బట్టలు ఎంచుకునేటప్పుడు ముస్లిం అయినవాడు రెండు లెక్కలు వేసుకోవాలి. ఒకటి ఒంటి లెక్క. రెండోది వీధి లెక్క. మొదటి లెక్క తప్పితే చెమటపొక్కులు వస్తాయి. రెండో లెక్క తప్పితే ప్రశ్నలు వస్తాయి.

ఒంటి లెక్క నాకు మా అబ్బా నేర్పాడు. ఆయన దర్జీ. బందరు బజారులో రెండు మిషన్ల కొట్టు. ఎదురుగా గుడ్డల కొట్లు, వెనక మసీదు. నేను పుట్టేనాటికే టెరిలిన్, టెరీకాటన్ ఊరంతటినీ ఊపేశాయి. ఇస్త్రీ నలగదు, రంగు పోదు, పదేళ్ళయినా చిరగదు. పెళ్ళికొడుకులంతా అవే కుట్టించుకునేవాళ్ళు. అబ్బా కుట్టి ఇచ్చేవాడు గానీ తను మాత్రం తొడిగేవాడు కాదు. "ఉతకడానికి సుఖం, తొడగడానికి నరకం" అనేవాడు.

ఎందుకు నరకమో తర్వాత పుస్తకాల్లో చదివాను. మామూలు గదిలో ఉంచిన నూలు తన బరువులో దాదాపు 8 శాతం తడిని గాలిలోంచి లాక్కుని తనలో ఉంచుకుంటుంది. పాలిస్టరు లాక్కునేది అర శాతం కూడా ఉండదు. అందుకే ఒంటి మీద చెమటని నూలు తాగుతుంది. పాలిస్టరు తాగదు, చెమట దానికీ ఒంటికీ మధ్య జిగురులా నిలిచిపోతుంది. అయితే నూలన్నంత మాత్రాన అంతా మంచిదే అనుకోకూడదు. మందపాటి నూలు చెమట తాగి బరువెక్కుతుంది, ఈ గాలిలో ఓ పట్టాన ఆరదు. సన్నం నూలు కావాలి. దారానికి నంబరుంటుంది. నంబరు పెరిగినకొద్దీ దారం సన్నబడుతుంది. మంగళగిరి మగ్గాల మీద నేసే 80 నంబరు గుడ్డ చొక్కాకి సరిగ్గా సరిపోతుంది. అంతకన్నా సన్నని మల్మల్ కుర్తాకి బాగుంటుంది.

గుడ్డ ఎంత మంచిదైనా కుట్టు బిగుతైతే లాభం లేదు. "హవాకు రస్తా హోనా బేటా" అనేవాడు అబ్బా. గాలికి దారుండాలి. పాతకాలం కుర్తాకి రెండు పక్కలా కలీలు వేస్తారు. పైన సన్నగా మొదలై కిందికి వెడల్పయ్యే ముక్కలవి. చంక కింద చౌబగ్లా అని చిన్న చదరపు ముక్క అతుకుతారు. చెయ్యి ఎత్తినా గుడ్డ లాగదు, చంకలో గాలి ఆడుతుంది. ఇప్పటి రెడీమేడ్ కుర్తాల్లో చాలావాటికి ఆ ముక్క ఉండదు. అందుకే అవి మొదట చిరిగేది చంకలోనే. ఇంకో సంగతి, నూలు గుడ్డని కుట్టేముందు ఓ రాత్రి నీళ్ళలో నానబెట్టి ఆరెయ్యాలి. లేకపోతే మొదటి ఉతుక్కే చొక్కా తమ్ముడి చొక్కా అయిపోతుంది. గంజి పల్చగా పెడితే గుడ్డ ఒంటికి అంటకుండా నిలబడుతుంది. చిక్కగా పెడితే నేతలో కన్నాలన్నీ పూడిపోయి గాలి ఆగిపోతుంది.

ఇంతవరకు ఒంటి లెక్క. దీనికి మతం లేదు. ఇక వీధి లెక్క.

చాలా ఏళ్ళ కిందట నేనూ, మా ఆఫీసులో పనిచేసే ఒక మిత్రుడూ కలిసి మంగళగిరి వెళ్ళి తెల్లగుడ్డ తాను ఒకటి కొన్నాం. తెలుగులో తాను, ఉర్దూలో థాన్. సగం సగం పంచుకున్నాం. ఇద్దరికీ కుట్టింది మా అబ్బానే. ఒకే కొలబద్ద, ఒకే కత్తెర, ఒకే దారం. లాల్చీ, పైజామా. మర్నాడు ఇద్దరం అవే వేసుకుని ఆఫీసుకి వెళ్ళాం. అతన్ని చూసి, "ఏమిటి కవిగారూ, సభ ఉందా?" అన్నారు. నన్ను చూసి, "ఏం భాయ్, ఇవాళ శుక్రవారమా?" అన్నారు. ఆ రోజు మంగళవారం. అన్నవాళ్ళు చెడ్డవాళ్ళేం కాదు, మధ్యాహ్నం నాతో పాటు డబ్బా పంచుకు తినేవాళ్ళే. ఒకే తాను గుడ్డ అతని ఒంటి మీద సాహిత్యమైంది, నా ఒంటి మీద నమాజైంది.

అదే వారం ఓ పెద్ద నాయకుడి సభకి ఇద్దరం వెళ్ళాం. గేటు దగ్గర కానిస్టేబులు అతన్ని చెయ్యి ఊపి లోపలికి పంపాడు. నా సంచి రెండుసార్లు వెతికాడు. గుర్తింపు కార్డు మీద పేరు చదివి, నా మొహం చూసి, మళ్ళీ కార్డు చూశాడు. నా మిత్రుడికి కోపమొచ్చి వెనక్కి వచ్చి గొడవపడ్డాడు. నాకు కోపం రాలేదు. లోపల ఓ లెక్క మాత్రం మొదలైంది. ఇకమీదట సభలకి పాంటూ చొక్కా వేసుకు రావాలా? ఎండకి లాల్చీ సుఖం, గేటుకి పాంటు సుఖం. ఏది ఎంచుకోను? మంచి కుర్తా తొడిగి బయటికెళ్ళే ప్రతి ముస్లింకీ ఈ లెక్క తెలుసు. దాని గురించి మేం పెద్దగా మాట్లాడుకోం. అంతే.

2019 డిసెంబరులో పౌరసత్వ చట్టం మీద ఆందోళనలు జరుగుతున్నప్పుడు, జార్ఖండ్ ఎన్నికల సభలో దేశ ప్రధాని నిప్పు పెట్టేవాళ్ళెవరో వాళ్ళ బట్టలే చెబుతాయన్నట్టు మాట్లాడారు. ఆ వార్త మా డెస్కు మీదికి వచ్చినప్పుడు తర్జుమా చేసింది నేనే. నేను వేసుకున్నది నీలిగీతల పొట్టిచేతుల చొక్కా. ఆ వాక్యం రాస్తూ చొక్కా వంక చూసుకున్నాను. ఇది ఏం చెబుతుంది? ఏమీ చెప్పదు. అందుకేనా ఈ మధ్య ఇలాంటివే ఎక్కువ కొంటున్నాను అనిపించింది.

ఏమీ చెప్పని బట్టలకి మన పిల్లల్లో ఓ రాజు ఉంది. దాని పేరు జీన్సు. మా చెల్లెలి కొడుకు ఇంజనీరింగు చదువుతాడు. రూము కోసం తిరిగేటప్పుడు, ఇంటర్వ్యూలకి వెళ్ళేటప్పుడు, రాత్రిపూట బస్టాండులో దిగేటప్పుడు జీన్సే వేస్తాడు. "మామూ, జీన్సు వేసుకుంటే పేరు అడిగేదాకా ఎవరికీ తెలీదు" అన్నాడు. వాడు మాట్లాడేది ఫ్యాషన్ గురించి కాదని నాకు అర్థమైంది. జీన్సు గుడ్డ నూలే, కానీ గోనెపట్టాలాంటి నూలు. మే నెల బందరు గాలిలో అది పొద్దున తడిసిందంటే సాయంత్రందాకా ఆరదు. వాడి తొడలనిండా చెమటపొక్కులు. మతం కనపడకుండా ఉండటానికి ఆ పిల్లాడు కడుతున్న పన్ను అది. ఏ బడ్జెట్‌లోనూ కనపడదు.

ఇక లుంగీ. ఉక్కపోతకి మనిషి కనిపెట్టినవాటిలో దీన్ని మించింది లేదు. కుట్టూ లేదు, బిగువూ లేదు, కింద నుంచి గాలి. మా వైపు రెండు కొసలూ కలిపి గొట్టంలా కుట్టి కట్టుకుంటాం. గళ్ళది ఎందుకంటారేమో, గళ్ళు మరకని దాచుకుంటాయి, చెమట ఆరాక మిగిలే ఉప్పుచారని దాచుకుంటాయి. కృష్ణా జిల్లాలో ఇంట్లో లుంగీ కట్టని కులం నేను చూడలేదు. కమ్మవారి అరుగు మీదా, మాలపల్లి వేపచెట్టు కిందా, చర్చి పక్క పాస్టరు గారింట్లోనూ లుంగీయే. కానీ సినిమాలో గళ్ళ లుంగీ, చేతుల్లేని బనీను, మెడలో తావీజు కనపడితే వాడు సాయిబు. కత్తి పట్టినా సాయిబే, కితకితలు పెట్టినా సాయిబే. నేనుండే అపార్టుమెంటులో లిఫ్టు పక్కన, "లుంగీలతో కింది అంతస్తుకు రావద్దు" అని నోటీసు అంటించారు. పంచెలతో రావచ్చు, నిక్కర్లతో రావచ్చు. వాటి గురించి అందులో ఏమీ లేదు.

ఈ బట్టలు ఎవరివి అని అడగాలనిపిస్తుంది. పైజామా ఫారసీ మాట, పాయ్ అంటే కాలు, జామా అంటే తొడుగు. రుమాలూ ఫారసీయే, మొహం తుడిచేది. జేబు అరబ్బీ నుంచి వచ్చింది. మన పల్లెటూళ్ళ ముసలివాళ్ళు అనే ఇజారు కూడా అటునుంచే. ఈ మాటలు తీసేస్తే తెలుగువాడు చిల్లర దేంట్లో వేసుకుంటాడు? మా బందరు పక్కనే పెడన. అక్కడ చెక్క అచ్చులతో అద్దే గుడ్డని కలంకారీ అంటాం. కలం, కారీ, రెండూ ఫారసీ మాటలే. గోల్కొండ సుల్తానుల కాలంలో బందరు రేవు నుంచి ఆ గుడ్డలు పారశీక దేశానికి ఓడలెక్కాయి. అక్కడివారి అభిరుచికి తగ్గ పూలూ తీగలూ మన అచ్చుల్లోకి వచ్చాయి. ఇవాళ వాటినే అమ్మాయిలు కుర్తీలుగా కుట్టించుకుంటున్నారు. వేసవికి మంచి గుడ్డ. నూలుది, మెత్తనిది, నిండా పూలు కాబట్టి చెమట మరక కనపడదు.

చీరాల తేలియా రుమాలు సంగతి ఇంకా చిత్రం. నూలు దారాన్ని నూనెలో, ఆముదం కాయల బూడిద నీళ్ళలో రోజుల తరబడి నానబెట్టి, ఎండబెట్టి, చిటికి కట్టి ఎరుపు, నలుపు అద్ది నేస్తారు. నూనె పట్టిన ఆ గుడ్డ ఎండలో తలని చల్లగా ఉంచుతుందని పేరు. ఇక్కడి జాలర్లూ పశువుల కాపర్లూ తలకి చుట్టుకున్నారు. అరబ్బు దేశాలకి ఓడల మీద వెళ్ళి అక్కడివాళ్ళ తలలకీ చుట్టుకుంది. చీరాలలో తగ్గిపోయిన ఆ నేత పుట్టపాకలో బతికింది. 2020లో దానికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. హిందూ సాలెవాడు నేసిన గుడ్డ అరబ్బు తలపాగా అయింది. అప్పుడు దాని మతం ఏమిటని ఎవరూ అడిగినట్టు లేదు.

ఒక నూలు చొక్కా నా ఒంటి మీదికి రావాలంటే రైతు పత్తి పండించాలి, పద్మశాలి నెయ్యాలి, సాయిబు కుట్టాలి, చాకలి ఉతకాలి. మిల్లులు రాకముందు ఆ పత్తిని ఏకింది మా దూదేకుల అన్నదమ్ములు. రోజంతా ముక్కులో నోట్లో దూది పోతుంటే విల్లు మీటుతూ ఏకారు. అందుకు ఈ భాష వాళ్ళకిచ్చిన బహుమానం, వాళ్ళ వృత్తి పేరు 'పింజారి'ని తిట్టుగా మార్చడం. మెత్తని పరుపు మీద పడుకుని లేచి మరీ ఆ తిట్టు తిడతారు.

బయటివాళ్ళ సంగతి ఇంత చెప్పి మా ఇంట్లో సంగతి చెప్పకపోతే న్యాయం కాదు. మా ఆపా బడి పంతులమ్మ. 2018లో రంజాను మే మూడోవారంలో మొదలైంది. రోహిణి కార్తె మొత్తం ఉపవాసాల్లోనే గడిచింది. మగవాళ్ళం తెల్లటి పల్చటి కుర్తాల్లో తరావీకి వెళ్తున్నాం. ఆపా చేతిసంచీలతో బజారు నుంచి వచ్చి, నల్ల బురఖా విప్పి దండెం మీద వేసింది. కింద నేల మీద చుక్కలు పడ్డాయి. "మీకు మల్మలూ మాకు పాలిస్టరా? ఈ సంగతి ఏ హజ్రత్‌ని అడగాలి?" అంది. మా బహనోయీ మాట మార్చాడు. ఆపా మార్చనివ్వలేదు.

ఆమె అడిగింది సబబైన ప్రశ్న. మా నానీ బందరులో వాయిల్ చీర కట్టి, బయటికెళ్తే పైన తెల్లటి నూలు చాదరు కప్పుకునేది. ఆమె దీన్‌లో మాకన్నా ఏం తక్కువ? ఇప్పుడు బజారులో దొరికే బురఖాల్లో నూటికి తొంభై సింథటిక్ గుడ్డవే. ముడతపడదు, జారుగా ఉంటుంది, నిగనిగలాడుతుంది. నల్లరంగే ఉండాలని ఖురాన్‌లో ఎక్కడా లేదు. ఒళ్ళు కనపడేంత పల్చగా, ఆకారం తెలిసేంత బిగుతుగా ఉండకూడదని పెద్దలు చెప్పారు. పాలిస్టరు అని ఏ పెద్దా చెప్పలేదు. "అరబ్బు ఎడారిలో నల్లవి వేసుకోవడం లేదా?" అంటారు కొందరు. వేసుకుంటారు. 1980లో 'నేచర్' పత్రికలో దీని మీద ఒక పరిశోధన వచ్చింది. ఎడారి బెదూయిన్లు వేసుకునే వదులు అంగరఖా నల్లదైనా తెల్లదైనా ఒంటికి చేరే వేడి ఒకటేనని తేల్చారు. నల్లగుడ్డ ఎక్కువ వేడెక్కినా, ఆ వేడి ఒంటిదాకా రాకముందే గుడ్డ కింద ఆడే గాలి దాన్ని పట్టుకుపోతుంది. కానీ అది ఎడారి. గాలి పొడిది, చెమట ఆరుతుంది. బందరులో ఆ గాలి లేదు. ఎడారి లెక్కని తెచ్చి ఉప్పుగాలి ఊళ్ళో ఆడవాళ్ళ మీద రుద్దితే ఎట్లా?

ఒకప్పుడు మనవాళ్ళు ఇంతకన్నా తెలివిగా ఆలోచించారు. మగవాళ్ళు పట్టు తొడగరాదన్నారు. నేతగాళ్ళు ఏం చేశారు? పైకి పట్టు, లోపల ఒంటికి తగిలే వైపు నూలు వచ్చేట్టు ఒక గుడ్డ నేశారు. దానికి మష్రూ అని పేరు. అంటే షరియత్ ఒప్పుకున్నది అని. గుజరాత్‌లోని పాటన్‌లో ఇప్పటికీ నేస్తున్నారు, హిందువులూ కట్టుకుంటారు. మతం మాట చెల్లింది, కంటికి అందం మిగిలింది, ఒంటికి నూలు దక్కింది. మగవాళ్ళ పట్టు సరదా కోసం అంత బుర్ర పెట్టిన సమాజం, ఆడవాళ్ళ ఊపిరి కోసం ఓ గుడ్డ వెతకలేదా?

2022లో కర్ణాటకలో ఆడపిల్లలు తలమీద గుడ్డ కోసం కాలేజీ గేట్ల బయట నిలబడ్డారు. ఆ ఏడాది అక్టోబరు 13న సుప్రీంకోర్టులో ఇద్దరు న్యాయమూర్తులు చెరో తీర్పు చెప్పారు. తియ్యమని అరిచేవాళ్ళు ఒకవైపు, వెయ్యమని అరిచేవాళ్ళు ఒకవైపు. రెండు వైపులా ఎక్కువగా మగగొంతులే. ఆ పిల్లకి ఉక్కగా ఉందా, ఏ గుడ్డ కావాలి, ఏ రంగు కావాలి అని అడిగే గొంతు నాకు వినపడలేదు. బట్ట ఎవరి ఒంటి మీద ఉందో వాళ్ళే దాని సంగతి తేల్చుకోవాలి. కర్ణాటక గేటు దగ్గరైనా, మా ఇంటి దండెం దగ్గరైనా నా మాట ఇదే.

ఎండని తేలిగ్గా తీసుకునే రోజులు పోయాయి. 2015 మే నెలలో వడగాడ్పులకి రెండు తెలుగు రాష్ట్రాల్లో కలిపి రెండు వేల మందికి పైగా చనిపోయారు. ఎక్కువమంది కూలీనాలీ చేసుకునేవాళ్ళూ, ముసలివాళ్ళూ. ఆ రోజుల్లో జాబితాలు రాసిన చేతులు ఇవి. నీళ్ళూ నీడా లేకపోవడం అసలు కారణం, కాదనను. కానీ ఎండలో పనిచేసే మనిషికి ఒంటి మీది గుడ్డే మొదటి నీడ. ఆ గుడ్డని కూడా భయంతోనో, పరువుతోనో ఎంచుకోవాల్సి వస్తే అంతకన్నా అన్యాయం లేదు.

అబ్బా పోయి ఆరేళ్ళయింది. ఆయన దగ్గర పని నేర్చిన శిష్యుడు ఇప్పుడు కొట్టు నడుపుతున్నాడు. ఈ ఏడు ఫిబ్రవరిలోనే మంగళగిరి వెళ్ళి లేత బూడిదరంగు తాను ఒకటి, తెల్లది ఒకటి తెచ్చాను. నానబెట్టి, ఆరేసి ఇచ్చాను. ఉక్కలో రోజుకి రెండు జతలు మార్చాలి, గాలి లేని రోజున ఆరడానికి పూట పడుతుంది. ఆ లెక్కన నాకు ఆరు పొట్టిచేతుల చొక్కాలు, నాలుగు కుర్తాలు. కుర్తాలకి కలీలు, చౌబగ్లా ఉండాల్సిందే. నాలుగు పైజామాలు, బొందు వేసినవి. రెండు వదులు నూలు పాంట్లు. మా చెల్లెలి కొడుక్కీ అలాంటివే రెండు. జీన్సు మానమని నేను చెప్పలేదు, ఇవి తొడిగి చూడమన్నాను. బూడిదరంగు తానులోంచి ఆపాకి మోకాళ్ళు దాటే వదులు అంగరఖా, దానికి తగ్గ దుపట్టా. రంగు ఆమే చెప్పింది, కొలత ఆమే చెప్పింది. వేసుకుని బడికి వెళ్తోంది. వీధిలో ఇద్దరు పెద్దమనుషులు బహనోయీతో ఏదో అన్నారట. "ఓ పూట పాలిస్టరు తొడిగి ఎండలో నిలబడి వచ్చి చెప్పమనండి" అందట ఆపా. మిగిలిన తెల్లగుడ్డ నా మిత్రుడికి పంపాను. ఇప్పుడూ అతను కవిగారే, నేను భాయ్‌నే. సభలకి మాత్రం ఇద్దరం లాల్చీల్లోనే వెళ్తున్నాం. సంచి వెతికితే వెతకనిస్తాను. నా వెనక నిలబడి అతను కూడా తన సంచి విప్పి చూపిస్తాడు.

లుంగీలు మూడు కొన్నాను. ఎరుపు గళ్ళది ఒకటి, నీలం గళ్ళవి రెండు. అవి కట్టుకునే రోజూ పొద్దున్న పాల పాకెట్టు కోసం లిఫ్టులో కిందికి వెళ్తున్నాను. పై అంతస్తు మాస్టారు గారు కూడా నిన్న లుంగీలో దిగారు. నోటీసు ఇంకా అక్కడే ఉంది.